కంపకు అవతల అవ్వ

మొన్న ములుగులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయిని చూసి సిద్దిపేటకు తిరిగి వస్తుంటే ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో బస్సు ఆగింది. కిటికీ కిందికి ఒకామె సీతాఫలాల గంప ఎత్తుకొని వచ్చింది. పండ్లు ఒరుసుకుపోకుండా గంప అడుగున, అంచుల చుట్టూ ఆకులు పరిచి ఉన్నాయి. పండ్లు నా సంచిలో పోస్తుంటే నాలుగు ఆకులు కూడా వాటితో పాటు వచ్చాయి. బస్సు కదిలాక పనేమీ లేక ఒక ఆకును వేళ్ల మధ్య నలిపాను. పచ్చిగా, వెగటుగా, ముక్కును గీరుతూ ఆ వాసన లేవగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె "ఏమైంది అక్కా, వాంతికి వస్తుందా" అంటూ కిటికీ అద్దం పూర్తిగా జరిపింది. ఆమెకు ఏమని చెప్పను? సీతాఫలం అంటే అందరికీ పండ్ల కాలం గుర్తుకొస్తుంది. నాకు వానలు గుర్తుకొస్తాయి, తడిసిన ఉన్ని గుర్తుకొస్తుంది, బతికుండగానే పురుగులు తింటున్న గొర్రెపిల్లలు గుర్తుకొస్తాయి.

మా ఊరు చిన్నకోడూరుకు నడిచిపోయేంత దూరం. మేము కురుమలం. మా గొర్రెలు నల్లవి, మెడ నుంచి తోక దాకా ఉన్ని కమ్ముకొని ఉండేవి. ఏడాదికి రెండుసార్లు ఆ ఉన్ని కత్తిరించి వాకిట్లో కుప్ప పోస్తే పిల్లలం అందులో పడి దొర్లేవాళ్లం, ఒళ్లంతా దురద పెట్టి, జిడ్డు వాసన పట్టి, అవ్వ చేత చీవాట్లు తిని, సీకాయతో తల రుద్దించుకున్నా రెండు రోజుల దాకా ఆ వాసన పోయేది కాదు. మంద మా బాపుదీ, ఆయన అన్నదీ కలిసే ఉండేది. ఒకే వాకిలి, రెండు ఇళ్లు. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ, ఆయన అన్నను పెదబాపు అనీ పిలిచేదాన్ని. పొద్దున లేస్తే నోట్లో వేపపుల్ల, భుజాన గొంగడి, మాట తక్కువ. మక్కజొన్న గటక తినేటప్పుడు మధ్యలో గుంట చేసి అందులో చల్ల పోయించుకొని అంచుల నుంచి నిదానంగా తినుకుంటూ వచ్చేవాడు, ఆ గుంట చెదరకుండా చివరి ముద్ద దాకా ఎట్లా తింటాడా అని నేను ఎదురుగా కూర్చొని చూసేదాన్ని. మల్లన్న జాతరకు నన్ను భుజాల మీద ఎక్కించుకొని పోయింది ఆయనే. ఈ సంగతి ముందే చెప్తున్నాను, ఇక ముందు చెప్పబోయేది విని ఆయనను రాక్షసుడనుకుంటారని. రాక్షసుడైతే మరిచిపోయి ఉందును.

తొలకరి పడితే మా వాకిలి రంగు మారిపోయేది. మట్టి వాసన, దాని వెనకే గడ్డి మొలకల వాసన, ఆ వెనకే ఈనుతున్న గొర్రెల వాసన. మాకు ఆ రోజుల్లో ఆటలంటే ఇంట్లో అష్టాచెమ్మ, వాన వెలిస్తే వాకిట్లో తొక్కుడుబిళ్ల. తిండి అంటే పొయ్యి నిప్పుల మీద కాల్చిన మక్కకంకి, గిన్నెకు అంటించి కాల్చిన సర్వపిండి, దాని మీద కాస్త ఎల్లిపాయ కారం. ఈనిన గొర్రెలు పొద్దున మందతో మేతకు పోతే పిల్లలు ఇంటి పట్టున ఉండేవి. వాకిలికి ఒక పక్క తుమ్మకంప చుట్టూ పేర్చి దొడ్డి కట్టి ఉండేది, నడవలేని పిల్లల్ని అందులోనే గంపల కింద మూసి పెట్టేవాళ్లం. పొద్దూకి తల్లులు తిరిగొచ్చే వేళకు ఆ దొడ్డిలో లేచే అరుపులు ఊరి చివరి దాకా వినిపించేవి. ప్రతి పిల్లా తన తల్లి గొంతును పట్టుకొని పోయి పొదుగు కింద దూరేది, తోక గిలగిల ఆడిస్తూ పాలు తాగేది.

ఆ దొడ్డికి యజమాని మా అవ్వ. ఆమె పేరు మల్లవ్వ. మందను కాసేది మగవాళ్లయినా, పిల్లల్ని బతికించేది ఆమే అని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. వానల్లో గొర్రెపిల్లకు తోడేలు కంటే ఈగ పెద్ద శత్రువు. మామూలు ఈగ కాదు, నెమలి మెడ రంగులో పచ్చగా మెరిసే లావుపాటి ఈగ. ఆరని బొడ్డు మీదో, లేత గడ్డి ఒంటికి పడక పారుకుంటున్న పిల్ల తోక కింద తడిసిన ఉన్నిలోనో వాలి గుడ్లు పెడుతుంది. చూడటానికి ఆ గుడ్లు నూకల్లాగా ఉంటాయి. పొద్దున నూకలు, మర్నాటికి పురుగులు. అవి పైకి కనిపించవు, ఉన్ని కింద తోలును తొలుచుకుంటూ లోపలికి పోతాయి. అందుకని అవ్వ వానలకు ముందే ప్రతి గొర్రె తోక కింద, తొడల వెనక ఉన్ని కత్తిరించేది. పిల్ల పుట్టగానే బొడ్డుకు పసుపు, వేపనూనె కలిపి రాసేది. దొడ్డిలో రోజూ పొయ్యి బూడిద చల్లేది, రెండు పూటలా వేపాకు పొగ పెట్టేది. ఏ పిల్లయినా కాళ్లు నేలకేసి కొడుతూ, వెనక్కి తిరిగి తిరిగి తన తోకను కొరుక్కోబోతుంటే చాలు, చేతిలోని పని వదిలి లేచేది. సీతాఫలం ఆకు నూరి ముద్ద చేసి పెట్టిందంటే పురుగులు ఒక్కొక్కటే బయటికి వచ్చి రాలిపోయేవి. ఆమె చూసుకున్నన్నాళ్లు మా దొడ్డిలో పురుగుతో చచ్చిన పిల్లను నేను చూడలేదు.

నాకు పదేళ్లు నిండిన ఎండాకాలం చివర బాపు పోయాడు. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలిదుమారం లేచింది. మందను బీడు నుంచి మళ్లించుకొస్తుంటే పిడుగు పడింది. ఆయనతో పాటు నాలుగు గొర్రెలు కూడా పడిపోయాయి. పెదబాపు తమ్ముణ్ని తన గొంగడిలో చుట్టి, ఎవరినీ ముట్టుకోనీయకుండా, తనొక్కడే రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. వాకిట్లో దించి, మోకాళ్ల మీద కూలబడి, మూలిగినట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు.

దినాలు అయిపోయి, అవ్వ చేతుల గాజులు, నుదుటి బొట్టు పోయిన పది పదిహేను రోజులకు మృగశిర కార్తె వచ్చింది. ఆ ఏడు మొదట ఈనిన గొర్రె దగ్గర అవ్వే ఉంది. పిల్ల చచ్చి పుట్టింది. అట్లా పుట్టడం అంతకు ముందూ ఉన్నదే, ప్రతి ఏడూ ఒకటో రెండో ఉండేవి. కానీ పెదబాపు ఆ చచ్చిన పిల్లను కాలు పట్టి ఎత్తి చూసి, అవ్వ వైపు చూడకుండా పెద్దమ్మతో అన్నాడు.

"ఆమెను దొడ్డి తొక్కొద్దని చెప్పు. గీ ఏడు ఆమె చెయ్యి పిల్లల మీద పడొద్దు."

నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ మాట ఇంకొకరి చేత చెప్పించాడు. అవ్వ చేతులకు అంటిన గొర్రె మాయను కుండలోని నీళ్లతో కడుక్కొని, చెంగుతో తుడుచుకొని, దొడ్డి నుంచి బయటికి వచ్చేసింది. ఎందుకు ఎదురు చెప్పలేదో చాలా ఏళ్లు నాకు అర్థం కాలేదు. తన చేతి మీద తనకే అనుమానం వచ్చిందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆషాఢంలో ముసురు పట్టింది. వారం రోజులు సూర్యుడు లేడు. గోడలు చెమ్మగిల్లి, పిడకలు తడిసి, ఇల్లంతా పొగ. పెద్దమ్మ చెడ్డది కాదు, కానీ ఆమెకు పొలం పని తెలుసు, దొడ్డి పని తెలియదు. మోకాళ్ల నొప్పులతో వంగలేకపోయేది. ఆ ఏడు ఎవరూ తోకల కింద ఉన్ని కత్తిరించలేదు, బొడ్లకు నూనె రాయలేదు. ముసురు కొంచెం తెరిపి ఇచ్చి ఉక్క పోయగానే పచ్చ ఈగలు దిగాయి. మూడో రోజుకు దొడ్డి నుంచి ఒక తియ్యని కుళ్లు వాసన మా ఇంట్లోకి రావడం మొదలుపెట్టింది. అవ్వ అన్నం ముందు కూర్చొని ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చి చూసి, కంచం పక్కకు జరిపి లేచింది.

"పురుగు పడ్డది" అన్నది.

అప్పటికే రెండు పిల్లలు చచ్చాయి. వాగు పొంగి చిన్నకోడూరు పశువుల దవాఖానకు దారి లేదు. పెదబాపు మందతో గుట్ట వైపు పోయి ఉన్నాడు. అవ్వ పెరటి వెనక గట్టు మీద నుంచి కొంగు నిండా సీతాఫలం ఆకు తెంపుకొచ్చి, రోట్లో వేసి నూరింది. ఆ ముద్దను మోదుగాకు దొప్పలో పెట్టి, ఉన్ని కత్తెర నా చేతికిచ్చి, దొడ్డి దాకా నడిచి, కంప దగ్గర ఆగిపోయింది. నన్ను లోపలికి పంపి, తను కంపకు అవతల మోకాళ్ల మీద కూర్చుంది.

"ఒక్కొక్క దాన్ని నా దిక్కు తేపో. తోక లేపి సూడు. తడి ఉన్నదా?"

"ఉన్నది."

"ఉన్ని విప్పి సూడు. ఏం కనపడుతుంది?"

తోక మొదట్లో తోలు ఉండాల్సిన చోట తోలు లేదు. తెల్లగా, ఒత్తుగా, ఉడుకుతున్న అన్నంలాగా కదులుతున్నది. పిల్ల అరవడం కూడా మానేసి నా మోకాలికి తల ఆనించి నిలబడింది. నేను పక్కకు తిరిగి కక్కుకున్నాను. కంపకు అవతల నుంచి అవ్వ గొంతు మారకుండా వచ్చింది.

"కక్కితె కక్కినవ్. మూతి తుడుసుకో. గా పుండు సుట్టు ఉన్ని కత్తిరియ్యి బిడ్డా, తోలు తెగనియ్యకు, పైలం. పుల్లతోని పురుగు తీసి బూడిదల వెయ్యి. అన్ని పోయినంక ముద్ద పెట్టి అదుము. లోపలున్నయి అవే వస్తయి."

ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ అదే పని. పెదబాపు మొదటి సాయంత్రమే చూశాడు. కంపకు అవతల అవ్వను, లోపల నన్ను, ఇద్దరినీ చూసి, పోయి కాళ్లు కడుక్కున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. నా గోళ్ల సందుల్లో ఆకు పసరు ఇంకిపోయి, తిన్నదంతా చేదుగా అనిపించేది. కానీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ మూడు రోజుల్లో నాకు లోలోపల గర్వం మొదలైంది. ఊరి పిల్లలు కంప చుట్టూ మూగి నన్ను చూసేవాళ్లు. పెద్దమ్మ నాకు బెల్లం ముక్క తెచ్చి ఇచ్చేది. మా అవ్వ రాకూడని చోటికి నేను పోగలను.

రెండో రోజు మధ్యాహ్నం, కొంచెం కోలుకున్న ఒక పిల్ల కంప సందులోంచి మూతి బయటికి పెట్టింది. అవ్వ అనుకోకుండానే చెయ్యి చాపింది. అది ఆమె చూపుడు వేలును నోట్లోకి తీసుకొని చీకడం మొదలుపెట్టింది. బాపు పోయిన తర్వాత అవ్వ ముఖంలో నవ్వులాంటిది నేను చూడటం అదే మొదలు.

"అవ్వా, చెయ్యి తియ్యి" అన్నాను. "నీ చెయ్యి తాకితె సస్తది."

పెదబాపు అక్కడ లేడు. పెద్దమ్మ లేదు. నన్ను అనమన్నవాళ్లు ఎవరూ లేరు. అవ్వ వేలు మెల్లగా వెనక్కి తీసుకుంది, ముళ్లు గీరుకొని మణికట్టు మీద సన్నని నెత్తుటి గీత పడింది. ఆ చేతిని చెంగులో దాచుకొని, "తరువాతి దాన్ని తే" అన్నది. ఆ మాట నేను అనలేదని, పెదబాపే అన్నాడని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకొని చూశాను. కుదరలేదు. అన్నది నేనే.

మొత్తం మీద ఆరు పిల్లలు చచ్చాయి. మిగిలిన ముప్పైకి పైగా బతికాయి. ముసురు వెలిసి ఊళ్లో పోచమ్మ బోనాలు వచ్చాయి. వేపమండలు కట్టిన వాకిట్లో పెదబాపు నన్ను పీట మీద కూర్చోబెట్టి నుదుటికి పసుపు అద్ది, "పోశి చెయ్యి మంచిది, మందను కాపాడింది" అని నా పేరు ఎత్తి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పెద్దమ్మ నా ముందు ఆకులో బెల్లం అన్నం పెట్టింది. నెయ్యి వాసన కమ్మగా వస్తోంది. అవ్వ మా ఇంటి గడప లోపల నీడలో నిలబడి ఉంది. నేను తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

దసరాకు ముందు పిల్లల చెవులకు గుర్తు వేయడం మా ఇంట్లో ఆనవాయితీ. పెదబాపువాటికి కుడి చెవి కొన, మావాటికి ఎడమ చెవి కొన కోసేవారు. అప్పటిదాకా పిల్లలకు ఏ గుర్తూ ఉండదు. బతుకమ్మ రోజులు, ఇళ్లల్లో నువ్వులు వేయిస్తున్న వాసన, అవ్వ మలీద ముద్దలకు రొట్టెలు విరుస్తూ కూర్చుంది. దొడ్డిలో పెదబాపు ఒక్కొక్క పిల్లనే పట్టి చెవి కోస్తున్నాడు. ఎడమ చెవులు పదకొండు అయ్యేసరికి చాకు తుడిచి, తక్కిన కుడి చెవుల వైపు తిరిగాడు. అవ్వ లేచి గడప దగ్గరికి వచ్చింది. ఆమెకు ఏ తల్లి ఎప్పుడు ఈనిందో, ఏ పిల్ల ఏ తల్లిదో తెలుసు.

"మావి పదియేడు తల్లులు ఈనినయి గద బావా" అన్నది.

"సచ్చినయి ఆరు లేవా" అన్నాడు పెదబాపు, తల ఎత్తకుండా.

"ఆరుకు ఆరు మావేనా?"

ఆయన చాకును మళ్లీ రాయి మీద పెట్టి నూరాడు. "తమ్ముని పాలు గట్లనే ఉన్నది. నేనేం జేత్తు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, దొంగతనం కూడా లేదు. ఆయన నిజంగానే అట్లా నమ్మాడు. చెడంతా చనిపోయినవాడి వాటాలోకే పోతుందని, అది దేవుడు చేసిన పంపకమేనని. అవ్వ లోపలికి వచ్చి మలీదకు బెల్లం కలిపింది. ఆ ఏడు మలీద ముద్దలు నాలుక మీద ఇసుకలాగా ఆడాయి, లేక నాకే అట్లా అనిపించిందో.

దసరా పోగానే అవ్వ బీడీల పని నేర్చుకుంది. వాకిట్లో చాట ముందు పెట్టుకొని తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, దారం చుడుతూ కూర్చునేది. దొడ్డి ఆమె ఎదురుగానే ఉండేది. అటు చూసేది కాదు.

మళ్లీ వానలు వచ్చాయి. మళ్లీ ముసురు, మళ్లీ ఉక్క, మళ్లీ ఆ వాసన. ఒక మధ్యాహ్నం పెదబాపు మా గడప ముందు వచ్చి నిలబడ్డాడు. బాపు పోయినాక ఆయన మా గడప దాకా రావడం అదే మొదటిసారి. తడిసిన గొంగడి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఈసారి మధ్యలో పెద్దమ్మ లేదు, నేరుగా అవ్వతోనే మాట్లాడాడు.

"పిల్లలకు పురుగు పడ్డది. మనసుల ఏం పెట్టుకోకు. ఒకపారి వచ్చి సూడు."

అవ్వ చుడుతున్న బీడీని పూర్తి చేసి, కొన మడిచి, కట్టలో పెట్టింది. అప్పుడు తన కుడి చెయ్యి ఎత్తి ఆయన ముందుకు చాపింది. వేళ్లన్నీ తంబాకు రంగు పట్టి ఉన్నాయి.

"పోయినేడు గీ చెయ్యి మంచిది కాదంటివి గద బావా. గదే చెయ్యి. ఏం మారలే."

ఆయన గొంగడి భుజం మీద సర్దుకొని, "పిల్లనన్న తోలియ్యి" అన్నాడు.

"పిల్ల బడికి పోతది."

ఆయన వెళ్లిపోయాడు. ఆ రోజు బడి లేదు, ఆదివారం. నేను లేవబోతే అవ్వ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, ఎముక నొప్పి పుట్టేలాగా. దొడ్డి నుంచి అరుపులు వస్తున్నాయి. మొదట గట్టిగా, తర్వాత సన్నగా. అందులో మా ఎడమ చెవి తల్లుల పిల్లలూ ఉన్నాయి. అవ్వ ఒక చేత్తో నన్ను పట్టుకొని, రెండో చెయ్యి చాటలోని తంబాకు మీద పెట్టి, గోడ వైపు చూస్తూ కూర్చుంది. కన్నీళ్లు కారి గదవ నుంచి చాటలో పడుతున్నా తుడుచుకోలేదు. ఆ వానల్లో ఎన్ని పిల్లలు చచ్చాయో నేను లెక్క పెట్టలేదు. కుక్కలు మాత్రం చాలా రోజులు మా వాకిలి వదల్లేదు.

ఆ తర్వాతి ఏడు పెదబాపు నల్ల గొర్రెలన్నిటినీ సంతలో అమ్మేశాడు. ఉన్ని లేని గొర్రెలు తెచ్చాడు. తెల్లవి, పొడుగు కాళ్లవి. వాటికి ఉన్ని లేదు కాబట్టి ఈగ భయం తక్కువన్నారు. మెల్లగా ఊరంతా అదే చేసింది. గొంగళ్లు నేసే మగ్గం గుంటలు పూడ్చేశారు. తునికాకు, తంబాకు మధ్య అవ్వ నన్ను చదివించింది. నాకు సిద్దిపేటలో ఉద్యోగం వచ్చాక నాతో వచ్చి పాతికేళ్లు నా దగ్గరే ఉంది. పెదబాపు చనిపోయినప్పుడు ఊరికి పోలేదు. నేను మాత్రం పోయొచ్చాను, ఆమె వద్దనలేదు.

అవ్వ చనిపోయే ముందటి వానాకాలంలో ఒక రోజు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంటే ఆమెను అడిగాను. ఆ రెండో ఏడు నువ్వు పోయి ఉంటే ఆ పిల్లలు బతికేవి కదా అని. చాట పైకెత్తి, ఊది, కింద పెట్టింది.

"బతికేటియి" అన్నది.

ఈ ఏడు బంధువుల పెళ్లికి ఊరికి పోయినప్పుడు పెదబాపు చిన్న కొడుకు ఇంటికి పోయాను. మా వాకిలి లేదు. దొడ్డి ఉన్న చోట తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు చేశారు, తుమ్మకంప అన్నది ఎక్కడా కనిపించలేదు. వాళ్లకు రేకుల షెడ్డు, సిమెంటు నేల, ఒక యాభై గొర్రెలు ఉన్నాయి. మరదలు ఒక పిల్లను కాళ్ల మధ్య ఇరికించుకొని, బొడ్డు మీద డబ్బాలోంచి నీలం రంగు మందు కొడుతున్నది. ఒక్క క్షణంలో అయిపోయింది, పిల్ల గెంతుకుంటూ పోయింది. మంచి మందే. అది చూస్తూ ఆమె నాతో అన్నది.

"మా మామ ఉన్నప్పుడు మందు లేకుంట ఆకు పసరుతోనే బతికిచ్చేటోడట వదినె. ఊరంత ఇప్పటికీ చెప్తరు. ఆయన దొడ్డిల ఒక్క పిల్ల సావకపోయేదట."

"సచ్చినయి" అన్నాను. "నేనే సూసిన. బతికిచ్చింది మా అవ్వ."

"అట్లనా వదినె" అన్నది. మందు డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కొని, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. చక్కెర ఎక్కువ వేసింది. తాగి, పెళ్లి ఇంటికి నడిచాను.